జిన్ అండ్ ఇట్ ఇంట్లో కలుపుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జిన్, స్వీట్ వెర్మూత్ (మూలికలు ఊరబెట్టిన తియ్యటి వైన్). ఈ రెండే కలిపి చేసే పాత కాక్‌టెయిల్ జిన్ అండ్ ఇట్. దీని గురించి ఎవరికి చెప్పినా వారం తిరిగేసరికి అవే డౌట్లు మళ్లీ వస్తుంటాయి: వెర్మూత్ ఎక్కడ దొరుకుతుంది, ఐస్ ఎంత వెయ్యాలి, నిమ్మకాయ పిండొచ్చా. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే వెళ్లండి.

నేను గట్టిగా నమ్మేది ఒకటే. రెండే వస్తువులున్న డ్రింకులో ఏ లోపమూ దాగదు. వెర్మూత్ తాజాగా ఉండాలి, డ్రింకు బాగా చల్లగా ఉండాలి. జిన్ ఖరీదు ఆ తర్వాతి సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యానికి 21 ఏళ్లు నిండాలి కాబట్టి ఇదంతా ఆ వయసు దాటినవాళ్ల కోసమే.

## మొదలుపెట్టే ముందు

జిన్ అండ్ ఇట్ అంటే ఏంటి? ఆ "ఇట్" ఏంటి?

ఇటాలియన్ వెర్మూత్‌ని పొట్టిగా "ఇట్" అన్నారు, అంతే. ఫ్రాన్సు నుంచి వచ్చే తీపిలేని వెర్మూత్ కలిపితే అది "జిన్ అండ్ ఫ్రెంచ్". రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఇంగ్లండులో ఇది బాగా నడిచింది. అప్పటి పబ్బుల్లో ఐస్ లేకుండా, చిన్న గ్లాసులో పోసి ఇచ్చేవారు. ఇప్పుడు ఎక్కువమంది ఐస్‌తో చల్లబరిచే తాగుతున్నారు.

వెర్మూత్ వైనా, లిక్కరా?

వైనే. ద్రాక్ష వైన్‌లో మూలికలు, వేర్లు, బెరళ్లు, తొక్కలు ఊరబెట్టి, కొంచెం స్పిరిట్ పోసి, చక్కెర కలుపుతారు. యూరప్ నిబంధనల ప్రకారం అందులో కనీసం 75 శాతం వైన్ ఉండాలి, ఆల్కహాల్ 14.5 నుంచి 22 శాతం లోపు ఉండాలి. ఎర్రగా కనిపిస్తుంది కదా అని రెడ్ వైన్‌తో చేశారనుకుంటారు. చాలా స్వీట్ వెర్మూత్‌లకు మూలం వైట్ వైనే, ఆ రంగు ఎక్కువగా మాడబెట్టిన చక్కెర నుంచి వస్తుంది.

ఇటలీలోని ట్యూరిన్ దీనికి పుట్టిల్లు. అక్కడ 1786లో ఆంటోనియో బెనెడెట్టో కార్పానో అనే వ్యాపారి అమ్మిన వెర్మూత్‌తోనే ఇప్పటి తీపి రకం మొదలైందని చెబుతారు. ఇందులో చేదునిచ్చే ప్రధాన మొక్క ఆర్టిమీసియా జాతిది. వినాయక చవితి పత్రిలో మొదట చదివే మాచీపత్రం కూడా ఆ జాతిదే. ఆ ఆకు నలిపి వాసన చూసినవాళ్లకు వెర్మూత్ మొదటి గుటకలోనే ఎక్కడో తెలిసిన వాసన తగులుతుంది.

నెగ్రోనీకీ దీనికీ తేడా ఏంటి?

నెగ్రోనీ అనే కాక్‌టెయిల్లో ఈ రెండింటితో పాటు కాంపారీ అనే ఎర్రటి ఇటాలియన్ చేదు డ్రింకు కూడా సమానంగా పడుతుంది. 1919 ప్రాంతంలో ఫ్లోరెన్సు నగరంలో కౌంట్ నెగ్రోనీ అనే ఆయన, తాను తాగే అమెరికానోలో (కాంపారీ, స్వీట్ వెర్మూత్, సోడా కలిపిన డ్రింకు) సోడా బదులు జిన్ పొయ్యమన్నాడని చెబుతారు. కాంపారీ చేదు ఘాటుగా ఉంటుంది, మొదటిసారి తాగేవాళ్లలో చాలామంది మొహం చిట్లిస్తారు. జిన్ అండ్ ఇట్‌లో ఆ దెబ్బ ఉండదు. చేదు కాక్‌టెయిల్స్ అలవాటు లేనివాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మేలు.

జిన్ అంటే నాకు సెంటు తాగినట్టు ఉంటుంది. నాకిది నచ్చుతుందా?

నచ్చే అవకాశమే ఎక్కువ. మీకు తగిలే ఆ వాసన జూనిపర్ కాయలది, ఆయుర్వేదంలో హపుష అనేది ఈ జాతి మొక్కనే. వెర్మూత్‌లోని తీపి, మూలికల చేదు దాని పదునును బాగా తగ్గిస్తాయి. పైగా జిన్‌లో జూనిపర్ తర్వాత ఎక్కువగా వాడేది ధనియాలు. చాలా రకాల్లో నారింజ, నిమ్మ తొక్కలు, అతిమధురం, ఏలకులు, దాల్చినచెక్క కూడా పడతాయి. అన్నీ మన పోపుల పెట్టెకీ పచారీ కొట్టుకీ చుట్టాలే. మొదటిసారి 30 మి.లీ. జిన్‌కి 60 మి.లీ. వెర్మూత్ పోసుకుని చూడండి.

## కొనేటప్పుడు

ఏ జిన్ కొనాలి? ఖరీదైనదే కావాలా?

అక్కర్లేదు. సీసా మీద "లండన్ డ్రై" అని ఉంటే చాలు. అది తయారీ పద్ధతి పేరు, లండన్‌లోనే చేసి ఉండాలని లేదు. గోర్డన్స్, బీఫీటర్, బాంబే సఫైర్, టాంకరే ఏదైనా పర్లేదు. మన దేశంలో తయారయ్యే గ్రేటర్ దాన్ కూడా లండన్ డ్రై రకమే, గోవాలో చేస్తారు, ఈ డ్రింకుకి బాగా కుదురుతుంది. స్ట్రేంజర్ అండ్ సన్స్‌లో నిమ్మజాతి వాసన ఎక్కువ, అదీ బాగుంటుంది. స్ట్రాబెర్రీ లాంటి ఫ్లేవర్లు కలిపిన గులాబీ రంగు జిన్‌లు మాత్రం వద్దు, వెర్మూత్ తీపికి ఆ తీపి తోడై సిరప్ తాగినట్టవుతుంది.

వైన్ షాపులో వెర్మూత్ అడిగితే లేదంటున్నారు. ఎక్కడ దొరుకుతుంది?

మామూలు వైన్స్‌లో దొరకదు, అక్కడ అడిగి విసుగు తెచ్చుకోవద్దు. పెద్ద ఊళ్లలో విదేశీ బ్రాండ్లు, వైన్లు పెట్టే పెద్ద షాపుల్లో అడగండి. "వెర్మూత్" అంటే అర్థం కాకపోతే "మార్టినీ రోసో", "చిన్జానో రోసో" అని బ్రాండు పేరుతో అడగండి. వైన్ల అరలో లేకపోతే లిక్యూర్ల (తీపి, రుచులు కలిపిన స్పిరిట్ల) అరలో కూడా చూడమనండి, తరచుగా అక్కడే పెడతారు. కొనేముందు సీసాని వెలుతురుకి పట్టి చూడండి. ఎండ తగిలేచోట ఏళ్ల తరబడి పడి ఉన్న సీసా, అడుగున మడ్డి కనిపించే సీసా తీసుకోవద్దు.

విదేశాల నుంచి ఎవరైనా వస్తుంటే డ్యూటీ ఫ్రీ మంచి దారి, తలకు 2 లీటర్ల దాకా పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. పక్క రాష్ట్రంలో కొన్న సీసా కారులో వేసుకుని వచ్చే ముందు మాత్రం ఎక్సైజ్ రూల్స్ కనుక్కోండి, చెక్‌పోస్టు దగ్గర ఇబ్బంది పడతారు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ తిప్పలేవీ లేవు. లిక్కర్ స్టోర్లో 375 మి.లీ. సగం సీసాలు కూడా ఉంటాయి, అవే కొనుక్కోవడం తెలివైన పని.

సీసా మీద "మార్టినీ" అని ఉంది. అంటే ఇది కలిపి ఉన్న కాక్‌టెయిలా?

కాదు. ట్యూరిన్ దగ్గర 1863లో మొదలైన మార్టినీ అండ్ రోసీ కంపెనీ బ్రాండు పేరు అది. మార్టినీ అనే కాక్‌టెయిల్ వేరు. ఈ కంపెనీ సీసాల్లో "రోసో" అని ఉన్నదే మనకు కావాల్సిన ఎర్ర తీపి రకం. "ఎక్స్‌ట్రా డ్రై" అంటే తీపిలేని తెల్లది, "బియాంకో" అంటే తెల్లగా ఉండే తీపిది. లేబుల్ చూడకుండా తెస్తే ఇక్కడే తప్పు జరుగుతుంది.

రెడ్ వైన్‌లో పంచదార కలిపి వెర్మూత్ బదులు వాడొచ్చా?

వద్దు. తీపి వస్తుంది కానీ మూలికల చేదు రాదు. ఆ చేదు లేకపోతే జిన్ ఒకవైపు, తీపి ఒకవైపు విడివిడిగా నాలుకకి తగులుతాయి. వెర్మూత్ దొరకనప్పుడు జిన్ అండ్ టానిక్ తాగండి, అది ఎంతో నయం.

## కలిపేటప్పుడు

కొలతలు ఎంత?

జిన్ 45 మి.లీ., స్వీట్ వెర్మూత్ 45 మి.లీ. ఇది పాత పద్ధతి, నాకు ఇష్టమైనదీ ఇదే. జిన్ రుచి ముందుకి రావాలంటే 60కి 30. తీపి ఇష్టపడేవాళ్లకు 30కి 60. ఏది ఎంచుకున్నా కొలిచే పొయ్యండి. కంటి అంచనాతో పోస్తే ప్రతిసారీ చెయ్యి జిన్ వైపే జారుతుంది, రేపు బాగా కుదిరినా ఎందుకు కుదిరిందో తెలియదు.

నా దగ్గర జిగ్గర్, షేకర్, స్ట్రైనర్ ఏవీ లేవు. ఎలా?

కొనాల్సిన పని లేదు. కొలతకి దగ్గు సిరప్ సీసా మీద వచ్చే ప్లాస్టిక్ మూత వాడండి, దాని మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. వేడినీళ్లతో బాగా కడిగి, వాసన పోయాక వాడాలి. కలపడానికి పెద్ద స్టీలు గ్లాసు, పొడుగు స్పూను. వడకట్టడానికి టీ జాలి. స్టీలు గ్లాసుతో ఇంకో లాభం ఉంది, పక్కన చెయ్యి పెట్టగానే డ్రింకు ఎంత చల్లబడిందో తెలిసిపోతుంది.

షేక్ చెయ్యాలా, స్పూనుతో కలపాలా?

స్పూనుతోనే. పండ్లరసం, పాలు, గుడ్డు తెల్లసొన లాంటివి ఉన్నప్పుడు షేక్ చేస్తారు, అవి గట్టిగా కుదిపితే తప్ప కలవవు. ఇక్కడ రెండూ తేటగా ఉన్న ద్రవాలే. షేక్ చేస్తే గాలి బుడగలు చేరి మసకబారుతుంది, ఐస్ పొడి రాలుతుంది, నాలుక మీద ఆ నున్నదనం పోతుంది.

ఐస్ వేస్తే నీళ్లయిపోతుంది కదా?

కొంత నీరు చేరడం ఈ డ్రింకుకి అవసరం. 90 మి.లీ.లో సుమారు 20 మి.లీ. ఐస్ నీరు చేరాలి. అది చేరకపోతే జిన్ ఘాటు ముక్కుకి కొడుతుంది, వెర్మూత్ చిక్కగా అంటుకున్నట్టు ఉంటుంది. పైగా డ్రింకు చల్లబడేదే ఐస్ కరగడం వల్ల. కరిగేటప్పుడు అది చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. ఆల్కహాల్ ఉన్నందువల్ల డ్రింకు సున్నా డిగ్రీల కంటే కిందికి కూడా వెళ్తుంది.

విచిత్రంగా అనిపించినా, ఐస్ తక్కువ వేస్తేనే డ్రింకు ఎక్కువ పల్చబడుతుంది. రెండు ముక్కలేస్తే అవి పూర్తిగా కరిగినా చల్లదనం చాలదు. గ్లాసులో ముప్పాతిక వంతు ఐస్ నింపండి. ముక్కలు పెద్దగా, గట్టిగా, ఫ్రీజర్లోంచి అప్పుడే తీసినవై ఉండాలి. పైన నీరు ఊరి మెరుస్తున్న ఐస్ పనికిరాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, చికెన్, చేపల పక్కన మూత లేకుండా పెట్టిన ఐస్ ట్రేకి ఆ వాసన పడుతుంది, నేరుగా డ్రింకులోకి వస్తుంది. ఈ ఐస్‌ని మూత ఉన్న డబ్బాలో విడిగా పెట్టుకోండి, మంచినీళ్లతోనే చెయ్యండి.

ఎంతసేపు కలపాలో ఎలా తెలుస్తుంది?

25 నుంచి 30 సెకన్లు. స్పూను వీపు గ్లాసు గోడకి ఆనించి, ఐస్ అంతా ఒక్కటిగా గుండ్రంగా తిరిగేలా నెమ్మదిగా తిప్పండి, టకటకా కొట్టొద్దు. మొదట ముక్కలు ఒకదానికొకటి తగిలి గట్టిగా చప్పుడు చేస్తాయి, అంచులు అరిగేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడుతుంది. స్టీలు గ్లాసు బయట తేమ పట్టి, వేళ్లు పెట్టి ఉంచలేనంత చల్లబడుతుంది. అప్పుడు స్పూనుతో ఒక చుక్క రుచి చూడండి. ఘాటు ఇంకా గొంతుకి తగులుతుంటే మరో పది సెకన్లు తిప్పండి. పోసే గ్లాసుని కూడా పావుగంట ముందే ఫ్రీజర్లో పెట్టి ఉంచితే చల్లదనం చివరి గుటక దాకా నిలుస్తుంది.

బిట్టర్స్ తప్పనిసరా?

కాదు. బిట్టర్స్ అంటే చుక్కల లెక్కన వేసే ఘాటైన చేదు మూలికల ద్రవం. ఉంటే అంగోస్టురా అనే బ్రాండు ఒక డాష్ (కొన్ని చుక్కలు) వెయ్యండి, లవంగం, దాల్చినచెక్క వాసనతో కొంచెం లోతు వస్తుంది. దానికోసమే ఊరంతా తిరగొద్దు.

ఆరెంజ్ తొక్క ఎందుకు? బదులుగా నిమ్మకాయ పిండొచ్చా?

రసం పిండొద్దు. పులుపు పడితే వెర్మూత్ రుచి చెదిరిపోయి వేరే డ్రింకు అవుతుంది. మనకు కావాల్సింది తొక్కలోని నూనె. కూరగాయల పీలర్‌తో బొటనవేలంత ముక్క తియ్యండి, కింద తెల్లటి పొర ఎక్కువ రాకుండా చూడండి, అది చేదు. రంగు వైపు డ్రింకు మీదకి ఉండేలా గ్లాసుకి దగ్గరగా పట్టుకుని రెండు చివర్లూ చటుక్కున నొక్కండి. వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే సన్నటి తుంపర కనిపిస్తుంది, డ్రింకు మీద చిన్న చిన్న నూనె చుక్కలు తేలుతాయి. ఆ తొక్కనే గ్లాసు అంచు చుట్టూ రాసి లోపల వేసెయ్యండి.

దిగుమతి ఆరెంజ్‌ల తొక్క మందంగా, గట్టిగా ఉంటుంది కాబట్టి సులువు. నాగపూర్ కమలా తొక్క వదులుగా ఉండి పీలర్‌కి సరిగ్గా రాదు, చేత్తో తుంచి నొక్కినా సరే, వాసన మాత్రం అద్భుతం. బత్తాయి తొక్క కూడా పనికొస్తుంది, కాకపోతే వాసన తక్కువ. ఏ పండైనా పైన మైనం పూత ఉంటే వేడినీళ్లతో రుద్ది కడగండి.

ఎనిమిదిమంది వస్తున్నారు. ఒకేసారి కలిపి పెట్టుకోవచ్చా?

కలిపి పెట్టుకోవడమే మంచిది, పార్టీ మధ్యలో టెన్షన్ ఉండదు. జిన్ 360 మి.లీ., అంటే రెండు క్వార్టర్లు. వెర్మూత్ 360. ఐస్ కరగగా వచ్చే నీటికి బదులుగా మంచినీళ్లు 160. మొత్తం 880 మి.లీ., మనిషికి 110. లీటరు సీసాలో పోసి ఉదయం నుంచి ఫ్రిజ్‌లో పెట్టండి, వాళ్లొచ్చే గంట ముందు ఫ్రీజర్లోకి మార్చండి. రాత్రంతా ఫ్రీజర్లో వదిలెయ్యొద్దు, నీళ్లు కలిసి ఉన్నాయి కాబట్టి గుజ్జులా గడ్డకట్టొచ్చు. వడ్డించేటప్పుడు ఐస్ అక్కర్లేదు, తొక్క ఒక్కటి నొక్కి ఇస్తే సరిపోతుంది.

ఇందులోనే ఇంకేదైనా కలిపి మార్చి చూడొచ్చా?

హాంకీ పాంకీ చేసి చూడండి. 45 జిన్, 45 స్వీట్ వెర్మూత్, పైన ఫెర్నెట్ బ్రాంకా అనే ఇటాలియన్ చేదు లిక్యూర్ 5 మి.లీ. దీన్ని చేసినావిడ ఎడా కోల్‌మన్. లండన్ సవాయ్ హోటల్ అమెరికన్ బార్‌కి 1903 నుంచి రెండు దశాబ్దాలకు పైగా హెడ్ బార్‌టెండర్‌గా ఉన్నారు. నటుడు చార్లెస్ హాట్రీ అలసిపోయి వచ్చి కాస్త పట్టున్నది ఏదైనా ఇమ్మంటే ఆయన కోసం కలిపారు. ఆ రోజుల్లో ఒక మహిళ అంత పేరున్న బార్‌ని నడపడమే గొప్ప, అందులోనూ ఆవిడ డ్రింకు వందేళ్లయినా నిలిచింది. బార్‌టెండర్ల చరిత్ర చెప్పేటప్పుడు ఆవిడ పేరు ముందు వరసలో ఉండాలని నా అభిప్రాయం.

## తాగేటప్పుడు

ఇది ఎంత స్ట్రాంగ్? పెగ్గు విస్కీతో పోలిస్తే?

దాదాపు సమానం. 42.8 శాతం జిన్ 45 మి.లీ.లో 19 మి.లీ. ఆల్కహాల్, 15 శాతం వెర్మూత్ 45లో ఇంకో 7, మొత్తం 26 మి.లీ. 60 మి.లీ. లార్జ్ పెగ్గు విస్కీలో ఉండేది కూడా ఇంచుమించు అంతే. తియ్యగా, నున్నగా దిగుతుంది కాబట్టి ఆ సంగతి గుర్తుండదు. ఒక గ్లాసుని అరగంటకి పైగా తాగండి, పక్కన మంచినీళ్లు పెట్టుకోండి.

సోడా, స్ప్రైట్ పొయ్యొచ్చా?

స్ప్రైట్ వద్దు, తీపి మీద తీపి. ఎండాకాలం మధ్యాహ్నం అయితే పొడుగు గ్లాసులో ఐస్ మీద పోసి సోడా కలపండి, హాయిగా ఉంటుంది.

మంచింగ్‌కి ఏం పెట్టాలి?

ఉప్పగా ఉండేవి, కారం తక్కువవి. వేయించిన జీడిపప్పు, పప్పుచెక్కలు, చీజ్ ముక్కలు. చికెన్ 65, పచ్చిమిర్చి దట్టించిన పల్లీల మసాలా మన నాలుకకి ఎంత ఇష్టమైనా ఇక్కడ వద్దు. కారంతో మండే నోటికి వెర్మూత్‌లోని మూలికలు అందవు, చివరికి తీపి ఒక్కటే మిగులుతుంది.

షుగర్ ఉన్నవాళ్లు తాగొచ్చా?

డాక్టర్‌ని అడక్కుండా వద్దు. యూరప్ లెక్కలో స్వీట్ వెర్మూత్ అంటే లీటరుకి కనీసం 130 గ్రాముల చక్కెర, అంటే 45 మి.లీ.లోనే సుమారు 6 గ్రాములు. ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఆల్కహాల్ వల్ల షుగర్ బాగా పడిపోయే ప్రమాదం కూడా ఉంది. మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్ వాడుతున్నా, గర్భంతో ఉన్నా అసలు ముట్టుకోవద్దు.

ఒక్కటే తాగాను, బండి నడపొచ్చా?

నడపొద్దు. మన చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఈ ఒక్క గ్లాసుతోనే చాలామందికి ఆ గీత దాటొచ్చు. ఇంట్లో తాగేటప్పుడు కూడా వచ్చినవాళ్లకు క్యాబ్ మీరే బుక్ చెయ్యండి.

## సరిగ్గా రానప్పుడు

మరీ తియ్యగా వచ్చింది. ఏం చెయ్యాలి?

జిన్ 10 మి.లీ. పెంచండి, తొక్క ఇంకోటి నొక్కండి. చాలాసార్లు అసలు కారణం చల్లదనం చాలకపోవడమే. గోరువెచ్చగా ఉన్న తీపి రెట్టింపు తీపిగా అనిపిస్తుంది.

అన్నీ సరిగ్గానే వేశాను, అయినా చప్పగా, పాత వాసనగా ఉంది.

వెర్మూత్ పాతబడింది. సీసాలోంచి ఒక స్పూను విడిగా పోసుకుని రుచి చూడండి. తాజాదైతే నారింజ, వనిల్లా, మూలికల వాసన ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. పాతబడితే ముక్కిన ఎండుద్రాక్ష వాసన, వెనకాల పులుపు. అలాంటిదాన్ని ఏ జిన్ కూడా కాపాడలేదు.

## మిగిలిన వెర్మూత్

తెరిచిన సీసా ఎన్నాళ్లు ఉంటుంది? జిన్ పక్కన అలమరాలో పెట్టొచ్చా?

తెరవనంతవరకు చీకటిగా, చల్లగా ఉన్న అలమరా చాలు. తెరిచాక ఫ్రిజ్‌లోనే. జిన్ ఏళ్ల తరబడి బయట ఉన్నా ఏం కాదు, వెర్మూత్ వైన్ కాబట్టి గాలి తగిలిన దగ్గర్నుంచి రుచి తగ్గుతూ వస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే నెల దాకా బాగుంటుంది, రెండో నెలకి తేడా తెలుస్తుంది. విజయవాడ, రామగుండం ఎండల్లో బయట పెడితే వారం పది రోజుల్లోనే దెబ్బతింటుంది.

నెలకి రెండు మూడు గ్లాసులకి మించి తాగనివాళ్లు ఇలా చెయ్యండి. ఖాళీ గాజు క్వార్టర్ సీసాలు నాలుగు వేడినీళ్లతో కడిగి, బోర్లించి పూర్తిగా ఆరబెట్టండి, పాత మందు వాసన ఏమాత్రం మిగలకూడదు. వెర్మూత్ సీసా తెరిచిన రోజే ఆ నాలుగింట్లోకి మెడ దాకా నింపి, మూత గట్టిగా బిగించి, ఫ్రిజ్‌లో పెట్టండి. 750 మి.లీ. వాటిలో దాదాపు సరిపోతుంది. లోపల గాలికి చోటు లేదు కాబట్టి, ఒకటి తెరిచి వాడుతున్నా మిగతా మూడూ తాజాగానే ఉంటాయి. సీసా మీద తెరిచిన తేదీ రాసి అంటించండి.

జిన్ అయిపోయింది, వెర్మూత్ మిగిలింది. దాన్నేం చెయ్యాలి?

జిన్ లేకుండానే తాగండి. స్పెయిన్‌లో ఆదివారం భోజనానికి ముందు వెర్మూత్ ఒక్కటే ఐస్ మీద పోసి, ఆరెంజ్ చక్రం, ఆలివ్ వేసి తాగడం చాలా ఊళ్లలో ఉన్న అలవాటు. ఆల్కహాల్ తక్కువ కాబట్టి పగటిపూటకి సరిపోతుంది. 60 మి.లీ. వెర్మూత్‌కి అంతే సోడా, లేదంటే టానిక్. విస్కీ తాగేవాళ్లింట్లో అయితే అది వృథా అయ్యే మాటే లేదు. 60 మి.లీ. విస్కీకి 30 మి.లీ. ఇదే వెర్మూత్, బిట్టర్స్ ఒక రెండు డాష్‌లు వేసి ఐస్‌తో తిప్పితే మాన్‌హాటన్ అనే కాక్‌టెయిల్ అవుతుంది. అమెరికన్ రై విస్కీ గానీ బర్బన్ విస్కీ గానీ ఉంటే దానితో చెయ్యండి, పొగ వాసన ఉన్న స్కాచ్ దీనికి నప్పదు.